వాన ముఖం చాటేసిన ఏడు, వైన్ మంచి ఏడు ఎలా అయింది?

పోయిన నెల ఇదే శీర్షికలో ఫ్రాన్స్‌లోని బర్గండీ ఎర్ర వైన్ గురించి, అందులోనూ ఎండలు కాసి వానలు తగ్గిన ఏడాదిలో వచ్చిన వైన్ గురించి కొంచెం రాశాను. అనంతపురం, కడప, కర్నూలు వైపు నుంచి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అడిగినవాళ్లలో సగం మంది రైతులు. వాళ్ల ప్రశ్నలే ముందు తీసుకుంటున్నాను.

ప్రశ్న: అన్నా, మా అల్లుడు ఫ్రాన్స్ నుంచి వస్తూ ఒక సీసా తెచ్చినాడు. జెవ్రే-షాంబెర్తాన్ అంట, 2018 అని రాసి ఉంది. ఆ ఏడు అక్కడ ఎండలు మండినాయి, వానలు లేవు, అందుకే వైన్ ఇంత బాగుంది అంటాడు. మా చేన్లో వాన లేకపోతే శెనక్కాయ ఊడ దిగకుండా ఎండిపోతుంది. వాళ్లకు మాత్రం కరువు ఎట్లా కలిసొచ్చింది?
(ఉరవకొండ దగ్గర ఒక పల్లె నుంచి)

జవాబు: అన్నా, మీ అల్లుడు చెప్పింది తప్పు కాదు, కానీ సగమే చెప్పినాడు. జెవ్రే-షాంబెర్తాన్ బర్గండీలో ఒక ఊరు, అక్కడ ఆ ఏడు ఎండాకాలంలో వానలు తగ్గిన మాట నిజం. అయితే దానికి ముందు, 2017 చివరి నుంచి 2018 వసంతం దాకా, అక్కడ వానలు దండిగా పడ్డాయి, నేల అడుగు దాకా నానింది. జూన్ దాటాక వాన ముఖం చాటేసినా తీగ కింద పదును ఉంది. ఈ సంగతి మీకు నేను చెప్పాల్సిన పని లేదు, మీ పక్కనే విడపనకల్లు నల్లరేగడిలో పప్పుశనగ వేసేవాళ్లను చూడండి. సెప్టెంబరు, అక్టోబరు వానలకు రేగడి తాగిన నీళ్ల మీదే విత్తనం వేస్తారు, ఆ తర్వాత ఒక్క చినుకు పడకపోయినా లోపలి పదునుతో, పొద్దున మంచుతో పంట చేతికొస్తుంది, ఇంకా చెప్పాలంటే పూత మీద వాన పడితేనే టెన్షన్. బర్గండీలో మంచి ఎండల ఏడు అంటే అచ్చంగా అదే లెక్క. దాన్ని కరువు అనకూడదు, నీళ్లు ముందే దాచుకున్న ఏడు అనాలి.

శెనక్కాయ సంగతి వేరు. మన ఎర్రనేలలో మూరెడు తవ్వితే గరుసు తగులుతుంది, దాచుకోవడానికి చోటే లేదు, పది రోజులు వాన వెనకపడితే ఆకు ముడుచుకుంటుంది. బర్గండీ కొండవాలులో పైన కొద్దిపాటి బంకమన్ను, కింద సున్నపురాయి. ఆ రాయికి పగుళ్లు ఉంటాయి, ముప్పై నలభై ఏళ్ల తీగ వేరు ఆ పగుళ్ల వెంట మనిషి లోతును మించి దిగుతుంది. బంకమన్ను నీళ్లు పట్టి ఉంచుతుంది, ఎక్కువైన నీళ్లను సున్నపురాయి కిందికి వదిలేస్తుంది. పేరున్న తోటలకు తడులు పెట్టడానికి అక్కడి నిబంధనలే ఒప్పుకోవు, డ్రిప్పు పైపు అనేది కనబడదు. కాబట్టి ఏ మడి కింద ఎంత పదును నిలుస్తుందో ఆ మడి వైన్ అట్లా ఉంటుంది.

ఇక ఎండ చేసే మేలు. అక్కడ పేరున్న ఎర్ర వైన్లకు వాడేది పినో న్వార్ అనే నల్ల ద్రాక్ష. తొక్క పలచన, గింజకు గింజ అతుక్కుని గుత్తి బిర్రుగా ఉంటుంది. వానలు ఎక్కువైతే గుత్తి లోపల నీళ్లు నిలిచి కుళ్లు పడుతుంది, బూజు పడుతుంది. చల్లటి ఏళ్లలో పండులో చక్కెర చాలక, పులిసేటప్పుడు రసంలో చక్కెర కలుపుకునే పద్ధతి కూడా అక్కడ ఉంది. ఎండల ఏడు ఈ బాధలు రెండూ ఉండవు. పండు చిన్నగా ఉంటుంది, తొక్క మందమవుతుంది. రంగు, వాసన, వగరు అన్నీ తొక్కలోనే ఉంటాయి కదా, పండు చిన్నదైతే రసంతో పోలిస్తే తొక్క వాటా పెరుగుతుంది, అందుకే ఆ ఏటి వైన్ చిక్కగా ముదురు రంగులో వస్తుంది. మీ చుట్టుపక్కల చీనీ తోటలున్న వాళ్లను అడగండి, కోతకు ముందు తడి ఎక్కువ పెడితే కాయ బరువు తూగుతుంది గానీ రసం సప్పగా పోతుందని చెబుతారు.

2018లో నేను బోన్ అనే ఊరి పక్కన పది రోజులు ద్రాక్ష కోతకు వెళ్లాను. ఆ తీగలు మన పందిరి తోటల మాదిరి తల మీద ఉండవు, గుత్తులు మోకాలి ఎత్తులోనే ఉంటాయి, ఎకరాకు సుమారు 4,000 మొక్కలు. నడుం వంచితే సాలు చివరికి పోయేదాకా లేవడానికి లేదు. మూడో రోజు పొద్దున తోట యజమాని, అరవై దాటిన పెద్దాయన, ఒక గుత్తి తెంపి నాలుగు పండ్లు నోట్లో వేసుకుని, రసం మింగి, గింజలు మాత్రం అరచేతిలోకి ఉమ్మి చూశాడు. గింజ పచ్చగా ఉంటే ఇంకా ఆగాలి, గోధుమరంగు తిరిగి పంటి కింద పటుక్కుమంటే కోయాలి. నాకు వెంటనే మన శెనక్కాయ గుర్తొచ్చింది. మనమూ చెట్టు పీకి, కాయ ఒలిచి, తొక్క లోపలి వైపు నల్లబడిందా లేదా అని చూసి కదా కోతకు మనుషుల్ని పిలిచేది! ఆ పెద్దాయన ఆ మడి వదిలేసి పక్క మడికి నడవమన్నాడు, రెండు రోజుల తర్వాత మళ్లీ అక్కడికే తీసుకొచ్చాడు. రెండు మళ్ల మధ్య ఒక బండి బాట తప్ప ఏమీ లేదు.

2018లో ఆ రెండు మూడు రోజులే అసలు పరీక్ష. ఎండకు పండులో చక్కెర పరుగు పెడుతుంది. చక్కెర ఎంత పెరిగితే పులిశాక మద్యం శాతం అంత పెరుగుతుంది, పైగా వేడికి పండులోని పులుపు కరిగిపోతూ ఉంటుంది. ఆలస్యం చేసినవాళ్ల వైన్ ఘాటుగా, జామ్ మాదిరి ముద్దగా తయారైంది, వేళకు కోసినవాళ్లది మాత్రం చిక్కగా ఉండి కూడా నోరు ఊరించేటట్టు వచ్చింది. ఒకే ఏడు, ఒకే ఊరు, పక్కపక్క తోటలు, అయినా ఇంత తేడా. అందుకే సీసా మీద ఏడాది ఒక్కటే చూసి కొనొద్దంటాను.

ఎండ మితి మీరితే ఏమవుతుందో 2003 చూపించింది. యూరప్ అంతటా వడగాడ్పులు, ఆగస్టులోనే కోతలు మొదలుపెట్టాల్సి వచ్చింది. రాత్రులు కూడా చల్లబడలేదు. పులుపు ఎంతగా పడిపోయిందంటే, బయటి నుంచి పులుపు కలుపుకోవడానికి ఆ ఏడు ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు. తీగ కూడా ప్రాణి కదా, మరీ ఎండైతే ఆకులోని రంధ్రాలు మూసుకుని పని ఆపేస్తుంది, అప్పుడు పండు పక్వానికి రాదు, వాడిపోయి ఎండుద్రాక్ష దారి పడుతుంది. 2020 కూడా వేడి ఏడే, పొడి ఏడే, కోతలు ఆగస్టులోనే పడ్డాయి, అయినా ఆ ఏటి ఎర్ర వైన్లలో పులుపు ఆశ్చర్యంగా నిలిచింది. నన్నడిగితే ఎండల ఏళ్లలో అన్నిటికన్నా ఇష్టమైంది 2020నే.

బోన్ ఊరికి 1354 నుంచి 2018 దాకా ద్రాక్ష కోత ఏ రోజు మొదలైందో లెక్క దొరికింది, 664 ఏళ్ల లెక్క! పాత రోజుల్లో సగటున సెప్టెంబరు 28కి కోత మొదలయ్యేది, 1988 నుంచి అది సుమారు 13 రోజులు ముందుకు జరిగింది. ఒకప్పుడు ఎండల ఏడు అంటే అరుదుగా వచ్చే అదృష్టం, ఇప్పుడు వరసపెట్టి 2018, 2019, 2020, 2022 వచ్చాయి. ఆ పెద్దాయన మధ్యాహ్నం రొట్టె తింటూ ఒకటే మాట అన్నాడు, వాళ్ల నాన్న పండు మాగలేదని దిగులుపడేవాడట, తాను మాగిపోతోందని దిగులుపడుతున్నాడట.

ప్రశ్న: నమస్కారం. సీసా మీద ద్రాక్ష పేరు ఎక్కడా కనిపించలేదు, ఏవో ఊరి పేర్లు, 'ప్రిమియే క్రూ' అనే మాట ఉన్నాయి. ఇదంతా ఎలా చదవాలి? ధరల్లో ఇంత తేడా ఎందుకు?
(తాడిపత్రి నుంచి)

జవాబు: మీరు తాడిపత్రి వాళ్లు కాబట్టి సులభంగా చెప్పొచ్చు. నాపరాయి కొనేవాడు ముందు ఏ గని రాయి అని అడుగుతాడు, ఒకే వరసలో ఉన్నా ఈ గని రాయికి ఉన్న నునుపు ఆ గని రాయికి రాదు. బర్గండీలో వైన్‌కు కూడా ఇదే పద్ధతి. ఎర్ర వైన్ అంటే పినో న్వార్ అని అందరికీ తెలుసు, అందుకే దాని పేరు రాయరు, నేల పేరు రాస్తారు. మన నాపరాయీ సున్నపురాయే, వాళ్ల కొండా సున్నపురాయే. న్వీ-సాన్-జార్జ్‌కూ బోన్‌కూ మధ్య కొంబ్లాన్షియన్ అనే ఊరు ఉంది, అక్కడ రాతి గనులున్నాయి, ఒక పక్క రాయి కోస్తుంటారు, ఇంకో పక్క ద్రాక్ష పండిస్తుంటారు. అటు వెళ్లినప్పుడు ఆ తెల్లటి రాతి దుమ్ము చూసి నాకు తాడిపత్రి రోడ్డే గుర్తొచ్చింది.

మెట్లు నాలుగు. అడుగున 'బర్గోన్య' అని ప్రాంతం పేరు మాత్రమే ఉండేది. దాని పైన ఊరి పేరుతో వచ్చేది, అంటే జెవ్రే-షాంబెర్తాన్, షాంబోల్-మ్యూసిన్యీ, వోన్-రొమానే, పొమ్మార్, వోల్నే లాంటివి. ఊరి పేరు పక్కన 'ప్రిమియే క్రూ' అని ఉంటే ఆ ఊళ్లో ఎంపికైన మంచి మడి. అన్నిటికన్నా పైన 'గ్రాన్ క్రూ', ఇవి మొత్తం 33, పండే వైన్‌లో నూటికి రెండు పాళ్లు కూడా ఉండవు. గ్రాన్ క్రూ సీసా మీద ఊరి పేరు కూడా ఉండదు, మడి పేరే ఊరి పేరంత గొప్పది. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. జెవ్రే అనే ఊరు 1847లో తన గొప్ప మడి షాంబెర్తాన్ పేరును తన పేరుకు తగిలించుకుంది. కాబట్టి 'జెవ్రే-షాంబెర్తాన్' అంటే ఊరి వైన్, 'షాంబెర్తాన్' అంటే గ్రాన్ క్రూ. ఇది తెలియక ఒకటనుకుని ఇంకొకటి కొన్నవాళ్లు చాలామంది ఉన్నారు.

ధర సంగతికొస్తే, ఉన్న నేలే తక్కువ. ముఖ్యమైన కొండవాలు పొడవు సుమారు 50 కిలోమీటర్లే, వెడల్పు చాలాచోట్ల కిలోమీటరు, రెండు కిలోమీటర్లు. రొమానే-కోంతి అనే మడి నాలుగున్నర ఎకరాలే, ప్రపంచమంతా దాని కోసం ఎదురుచూస్తుంది. పైగా అన్నదమ్ముల భాగాలు! నెపోలియన్ కాలపు చట్టంతో ఆస్తి బిడ్డలందరికీ సమానంగా పంచడం మొదలయ్యాక మళ్లు ముక్కలు ముక్కలయ్యాయి. క్లో ద వూజో అనే ఒక్క గోడ లోపల 50 హెక్టార్ల తోట ఉంది, ఒకప్పుడు సన్యాసుల మఠానిది, ఇప్పుడు దానికి దాదాపు 80 మంది యజమానులు. ఒకరికి నాలుగు సాళ్లు, ఇంకొకరికి రెండెకరాలు. అందరి సీసా మీదా అదే పేరు, లోపల మాత్రం ఎవరి చేతి పని వాళ్లది. అందుకే చదివేటప్పుడు మడి పేరు తర్వాత తప్పకుండా చూడాల్సింది చేసినవాళ్ల పేరు. నేనైతే పేరులేనివాడి గ్రాన్ క్రూ కన్నా నిదానంగా, నమ్మకంగా పనిచేసేవాడి ఊరి వైన్ తీసుకుంటాను, అందులోనూ ఎండల ఏటిది. చల్లటి ఏడాదిలో మాగక ఇబ్బంది పడే చిన్న మళ్లు కూడా ఎండల ఏడు చక్కగా మాగుతాయి, తక్కువ డబ్బుకు మంచి రుచి దొరికేది అప్పుడే.

ప్రశ్న: సార్, మా అబ్బాయి తెచ్చిన బర్గండీ సీసాను వాడి పెళ్లి రోజుకు తెరుద్దామని బీరువాలో పెట్టాను, ఇంకా ఎనిమిది నెలలుంది. కడప ఎండలకు ఏమైనా అవుతుందా? తాగేటప్పుడు ఫ్రిజ్‌లో పెట్టాలా? ఎర్ర వైన్ చల్లగా తాగకూడదంటారే.
(కడప నుంచి ఒక తల్లి)

జవాబు: అమ్మా, ఉత్తరం చదవగానే ముందు బీరువాలోంచి తీయండి. ఇనుప బీరువా మే నెలలో పొయ్యి మీద పెనం మాదిరి అవుతుంది, తలుపు తీస్తే వేడి ముఖానికి కొడుతుంది కదా. వైన్‌కు నప్పేది 12, 13 డిగ్రీలు. పాతిక దాటితే త్వరత్వరగా ముసలిదవుతుంది, ముప్పై దాటి రోజుల తరబడి ఉంటే ఉడికినట్టే.

నాకు జరిగింది చెబుతాను. కొన్నేళ్ల కిందట ఏప్రిల్‌లో ఒక సీసాను పార్సిల్‌లో తెప్పించుకున్నాను. తెచ్చినవాళ్లు దాన్ని రేకుల షెడ్డులో నాలుగు రోజులు ఉంచేశారు. ఇంటికొచ్చాక చూస్తే పైన వేసిన రేకు తొడుగు ఉబ్బి ఉంది, లోపల కార్కు అర వేలెడు పైకి పొంగింది, దాని పక్కనుంచి ఎర్రటి జిగురు కారి సీసా మెడ మీద ఎండిపోయింది. తెరిచి వాసన చూస్తే తాజా పండు వాసన పోయి, అడుగంటిన పాకం వాసన వచ్చింది. ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన సీసా, పారబోయడానికి చేతులు రాక రెండు రోజులు అట్లాగే పెట్టుకున్నాను. మీ సీసా మెడ ఒకసారి తడిమి చూడండి, కార్కు అంచు సీసా అంచుతో సమానంగా ఉంటే భయం లేదు.

ఇప్పుడు చేయాల్సింది ఇది. సీసాను ఒక పాత కాటన్ గుడ్డలో చుట్టి, ఫ్రిజ్‌లో అడుగున కూరగాయల డబ్బాలో అడ్డంగా పడుకోబెట్టండి. అడ్డంగా ఎందుకంటే వైన్ తగులుతూ ఉంటే కార్కు ఎండిపోదు, నిలబెడితే ఎండి కుంచించుకుపోయి గాలి లోపలికి దారి చేసుకుంటుంది. ఫ్రిజ్ తలుపులో వద్దు, రోజుకు యాభై సార్లు తీసే తలుపు అది, కదిలి కదిలి పాడవుతుంది. ఏళ్ల తరబడి దాచడానికి ఫ్రిజ్ పనికిరాదు గానీ ఎనిమిది నెలలకు ఫరవాలేదు. పక్కనే ఇంగువ, ఎండుచేప లాంటివి మాత్రం పెట్టకండి.

ఇక తాగేటప్పుడు. ఎర్ర వైన్ గది వేడిలోనే తాగాలి అనే మాట చలిదేశంలో, రాతి ఇళ్లలో పుట్టింది, అక్కడి గది అంటే 16, 17 డిగ్రీలు. మన గది 34. ఆ వేడిలో పోస్తే మద్యం ఘాటు ముక్కుకు కొడుతుంది, ఇంకేమీ తెలియదు, అందులోనూ ఎండల ఏటి వైన్‌లో మద్యం 14 శాతం దాకా ఉంటుంది కాబట్టి మరీనూ. ఫ్రిజ్‌లోంచి తీసి ఇరవై నిమిషాలు బల్ల మీద పెట్టండి, 14, 15 డిగ్రీలకు వస్తుంది. చేతికి బావినీళ్ల చల్లదనం తగలాలి, ఐసు చల్లదనం కాదు. గ్లాసులో మూడో వంతు మాత్రమే పోయండి, వాసన నిలవడానికి చోటు కావాలి. స్టీలు గ్లాసు వద్దమ్మా, కడుపు వెడల్పుగా, మూతి సన్నగా ఉండే గాజు గ్లాసు ఒక్కటైనా తెచ్చుకోండి, ఈ వైన్ సగం ముక్కుతోనే తాగాలి. మిగిలితే కార్కు బిగించి మళ్లీ ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు ఉంటుంది.

అబ్బాయి ఇంకెప్పుడైనా తెస్తానంటే, బయటి దేశం నుంచి వచ్చేవాళ్లు సుంకం లేకుండా తెచ్చుకోగలిగేది మనిషికి 2 లీటర్లు. మామూలు సీసా 750 మిల్లీలీటర్లు కాబట్టి రెండు సీసాలు నిశ్చింతగా తేవచ్చు. పెట్టెలో బట్టల మధ్య పెట్టమనండి, విమానం దిగాక ఎండలో నిలిపిన కారు డిక్కీలో మాత్రం ఉంచొద్దనండి.

ప్రశ్న: అన్నా, బర్గండీ అని గొప్పగా చెబితే రుచి చూసాను. పుల్లగా, వగరుగా ఉంది, తీపే లేదు. నాటుకోడి పులుసు, రాగి సంగటితో తాగితే ఇంకా మంట పుట్టింది. తప్పు నాదా, వైన్‌దా?
(కర్నూలు నుంచి)

జవాబు: తప్పు మిరపకాయది తమ్ముడూ. కారం మీద మద్యం పడితే మంట రెండింతలవుతుంది, వగరు చేదుగా మారుతుంది, పినో న్వార్‌లో ఉండే సన్నటి వాసన ఎక్కడికో పోతుంది. మన కారానికి ఈ వైన్ నిలవదు, నిలుస్తుందని ఎవరైనా చెబితే వాళ్లు కలిపి తిని చూడలేదన్నమాట.

అట్లాగని నాటుకోడిని వదులుకోనక్కర్లేదు. బర్గండీ వాళ్ల ఇంటి వంటల్లో పేరున్నది కోడిపుంజును ఎర్ర వైన్‌లో నిదానంగా ఉడికించే కూర. ముదురు పుంజు, ఉల్లిపాయలు, పుట్టగొడుగులు, సన్నమంట, రెండు మూడు గంటలు. మన పుంజుతో చేస్తే ఇంకా బాగుంటుంది, నేను చేసి చూశాను, ఎండుమిర్చి బదులు మిరియాలు, అదీ కొంచెమే. దాని పక్కన రాగి సంగటి పెట్టుకోండి, ఆ మట్టి వాసన ఈ వైన్‌కు భలే కుదురుతుంది. పొట్టేలు మాంసం కారం తగ్గించి వేయించినా సరే. పుట్టగొడుగుల వేపుడైతే శాకాహారులకూ బాగుంటుంది.

తీపి లేదన్నారు. ఉండదు. పండులోని చక్కెర అంతా పులిసిపోయాకే అది వైన్ అయింది. ఈతకల్లు తెలిసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు, చెట్టు దించగానే తియ్యగా ఉండే కల్లు పొద్దెక్కేసరికి పుల్లబడి నిషా పెరుగుతుంది, తీపి ఎటు పోయింది? మీరు కూల్‌డ్రింక్ నాలుకతో మొదటి గుక్క తాగారు. మూడో గుక్క దాకా ఆగండి, ఎండల ఏటి వైన్ అయితే ముందు నల్లటి నేరేడు పండు, ఆ తర్వాత వాన పడిన మట్టి, చివర కొంచెం వగరు, చీనీ తిన్నాక నోట్లో మిగిలే పులుపు వరసగా వస్తాయి. వచ్చాక కూడా నచ్చకపోతే పక్కన పెట్టేయండి, ఇందులో బలవంతం లేదు.

ప్రశ్న: ఎర్ర వైన్ రోజూ ఒక గ్లాసు గుండెకు మంచిదట కదా?
(ఆదోని నుంచి)

జవాబు: మంచిదని మొదలుపెట్టకండి. ఎంత తాగితే ఏ హానీ లేదో చెప్పగల మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. ఇష్టపడి పండగకో పబ్బానికో రుచి చూసేవాళ్ల కోసమే ఇదంతా రాస్తున్నాను. బీపీ, షుగర్ మందులు వేసుకునేవాళ్లు ముందు మీ డాక్టర్‌ను అడగండి.

ప్రశ్న: సార్, నేను హార్టికల్చర్ చదువుతున్నాను. మాది నార్పల దగ్గర. మనదీ ఎండల ప్రాంతమే, సున్నపు నేలలూ ఉన్నాయి. మా నాన్న చీనీ తోట ఎండిపోయింది. ఆ రెండెకరాల్లో పినో న్వార్ పెట్టొచ్చా?
(అనంతపురం నుంచి)

జవాబు: పెట్టొద్దు నాయనా. ఆశ పెట్టి నీ చేత రెండెకరాలు పోగొట్టించలేను.

ఎండల ఏడు అన్నప్పుడు అది బర్గండీ కొలతతో ఎండల ఏడు. అక్కడ ఏడాదికి 700 మిల్లీమీటర్లు దాటి వాన పడుతుంది, అది నెలనెలా పంచుకుని పడుతుంది. మనకు 550 చుట్టూ, అదీ నాలుగు నెలల్లో, ఆ పడేది కూడా రెండు మూడు పెద్ద వానల్లో. వాన కన్నా పెద్ద అడ్డం రాత్రి వేడి. అక్కడ మామూలు వేసవిలో పగలు 30 ఉన్నా తెల్లవారుజామున 15కు దిగుతుంది, పండు రాత్రి చలిలో తన పులుపు దాచుకుంటుంది. నార్పలలో మే నెల రాత్రి మిద్దె మీద పడుకున్నవాడివి, నీకు తెలుసు, పాతిక దిగదు. 47 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో జూన్ పగలు దాదాపు 16 గంటలు, ఆ నిదానమైన వెలుతురులో పండు మెల్లగా మాగుతుంది. ఇక చలికాలం. అక్కడ తీగ ఆకు రాల్చి నాలుగైదు నెలలు నిద్రపోతుంది. మన వాతావరణంలో ద్రాక్షకు నిద్ర లేదు, అందుకే ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరింపు చేసి మనమే దానికి కాలం చూపిస్తాం, ఫిబ్రవరి, మార్చిలో కోస్తాం. పినో న్వార్ ఈ పద్ధతికి లొంగే రకం కాదు. చల్లటి చోట పుట్టిన సున్నితమైన తీగ.

నీకు వైన్ ద్రాక్ష మీద మనసుంటే హిందూపురం దాటి నంది కొండల వైపు ఒకసారి వెళ్లిరా. ఎత్తు ఉంది, రాత్రి చల్లబడుతుంది, అక్కడ వైన్ తోటలు నడుస్తున్నాయి. నాసిక్ వైపు షిరాజ్, కాబెర్నే సోవిన్యోన్, షెనాన్ బ్లాన్ పండిస్తున్నారు. వేడిని ఓర్చుకునే రకాలు ఏవో, ఏ వేరు మీద అంటు కడుతున్నారో అక్కడి రైతుల దగ్గర కూర్చుని రాసుకో. ఇంకొకటి, నాటేముందే కొనేవాడు ఎవరో తెలుసుకో. వైన్ ద్రాక్ష గింజ ఎక్కువ, గుజ్జు తక్కువ, తోపుడుబండి మీద అమ్ముడుపోదు, ఫ్యాక్టరీ వద్దంటే ఇంక ఎక్కడికీ పోదు.

మీ చీనీ తోట సంగతి మాత్రం నాకు వివరంగా రాయి. చెట్లు ఎన్నేళ్లవి, ముందు కొమ్మలు ఎండాయా వేరు కుళ్లిందా, బోరు ఎన్ని అడుగుల్లో ఉంది, కింద గరుసు ఎంత లోతులో తగులుతుంది. వీలైతే తోటలో రెండు చోట్ల నడుము లోతు గుంత తీసి, ఏ లోతులో మన్ను ఏ రంగుకు తిరిగిందో చూసి రాయి. ఆ గుంత చూశాక మాట్లాడుకుందాం.